వకీలు ఆగిన చోట

నల్లగొండ పేరెత్తితే బందూకు, పాలమూరు పేరెత్తితే వకీలు గుర్తుకొస్తారు. తెలంగాణ చరిత్ర రాసినవాళ్ళు చాలామంది ఈ రెండు జిల్లాలకూ ఇట్లా పని పంచిపెట్టి ఊరుకున్నారు. ఒకవైపు రావి నారాయణరెడ్డి, భీమ్‌రెడ్డి నర్సింహారెడ్డి, ఆరుట్ల దంపతులు. ఇంకోవైపు బూర్గుల రామకృష్ణారావు, సురవరం ప్రతాపరెడ్డి. వాళ్ళు చట్టాన్ని కాలదన్ని అడవి పట్టారు, వీళ్ళు చట్టాన్ని నమ్ముకుని కచేరీ మెట్లెక్కారు అన్నది ఈ పంపకం సారం. చదువుకోవడానికి సుఖంగా ఉంటుంది కానీ దస్తావేజులు ఒప్పుకోవు. నల్లగొండ కమ్యూనిస్టు దళాలు తలకెత్తుకున్న పని వకీళ్ళు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన పనే. కోర్టులో తీర్పు రాబట్టడం ఒక ఎత్తు, ఆ తీర్పు పొలం గట్టు మీద అమలు కావడం ఇంకో ఎత్తు. మొదటిది చేసిపెట్టడానికి రైతుకు వకీలు దొరికాడు. రెండోది చేసిపెట్టే చెయ్యి నిజాం రాజ్యంలో లేదు. ఆ చెయ్యి లేకపోవడం వల్లనే బందూకు వచ్చిందనీ, తర్వాత అదే పని శాసనసభకు చేరిందనీ నా వాదన.

వకీలు, సిపాయి, శాసనసభ్యుడు అనే మూడు పాత్రలూ ఒకే మనిషిలో కనిపించడం 19వ శతాబ్దపు అమెరికాలో మామూలు సంగతి. అబ్రహాం లింకన్ 1832లో బ్లాక్ హాక్ యుద్ధంలో స్వచ్ఛంద దళానికి కెప్టెన్, 1834లో ఇల్లినాయ్ శాసనసభకు సభ్యుడు, 1836లో వకాలత్‌కు అనుమతి పొందినవాడు. అక్కడ అది వింత కాకపోవడానికి కారణం ఉంది. వకీలుకు పట్టా ఇచ్చేదీ, సిపాయికి తుపాకీ ఇచ్చేదీ, సభ్యుడికి కుర్చీ ఇచ్చేదీ ఒకటే రాజ్యం, ఆ రాజ్యం తమదేనని ఆ ముగ్గురూ అనుకునేవారు. అదే కాలపు హైదరాబాదులో ఆయుధం అరబ్బుల, రోహిల్లాల చేతుల్లో ఉండేది. వాళ్ళు జీతానికి కాపలా కాసేవాళ్ళు, అప్పులిచ్చి వసూలు చేసుకునేవాళ్ళు కూడా. శాసన నిర్మాణ మండలి ఒకటి 1893లో పుట్టింది. అందులో ఉద్యోగులదే మెజారిటీ. బయటివాళ్ళను పంపే హక్కు దక్కిన వర్గాలు రెండు, జాగీర్దార్లూ హైకోర్టు వకీళ్ళూ. రైతు లెక్కలోనే లేడు. అంటే ఓటుహక్కు అన్నది ఊళ్ళకు తెలియని రోజుల్లోనే వకీలుకు ఒక రకమైన ప్రాతినిధ్యం దక్కింది. అయితే ఆ వకీలు చేతిలోని సనదు సర్కారు ఇచ్చింది, కోపమొస్తే వెనక్కి తీసుకోగలిగింది కూడా సర్కారే. అటువంటి మనిషి ఆయుధం పట్టాలంటే ముందు వకాలత్ వదులుకోవాలి. అందుకని ఇక్కడ ఆ మూడు పాత్రలూ ఒక మనిషి జీవితంగా కాక, రెండు మూడు తరాల మధ్య చీలిన ఒకే కథగా నడిచాయి.

ఆ కథ ఎక్కడ మొదలైందో చూడాలంటే మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల దాకా వెళ్ళాలి. 1865 జిలాబందీకి ముందు శిస్తు వసూలు గుత్తకిచ్చేవారు. దేశముఖులు, దేశపాండ్యాలు ఆ గుత్త మీద బతికేవారు. జిల్లాలు ఏర్పడి, తాలూకాలకు జీతగాళ్ళు వచ్చాక వసూలు అధికారం వాళ్ళ చేతి నుంచి పోయింది. పోయినందుకు పరిహారంగా రుసుములు దక్కాయి. అంతకంటే పెద్ద లాభం వేరే ఉంది. భూమి సర్వే అయి బందోబస్తు జరిగేటప్పుడు, ఏ పొలం ఎవరి పేరున ఎక్కాలో చెప్పగలిగిన స్థానంలో ఉన్నది వాళ్ళే, వాళ్ళ మాట వినే పట్వారీలే. తరతరాలుగా దున్నుతున్నవాడికి తెలియకుండానే అతని చెలక దొర పేరున పట్టా అయింది. సర్కారు లెక్కలు ఫార్సీలో, 1880ల తర్వాత ఉర్దూలో నడిచాయి. సూర్యాపేట వైపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు, విసునూరు దేశముఖు కింద నలభై వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. పార్టీ నాయకుడు రాసిన అంకెలు కాబట్టి కొంత తగ్గించి చూసినా తేడా లేదు. గుర్తు పెట్టుకోవాల్సింది విస్తీర్ణం కాదు, అది చేతులు మారిన పద్ధతి. కత్తితో లాక్కున్నది కొంతే, మిగతాదంతా కలంతో లాక్కున్నది. సేత్వారులో, పహాణీలో, ఫైసల్ పట్టీలో ఒక గీత గీస్తే ఒక కుటుంబం రైతు నుంచి పాలేరు అయింది. కాగితంతో పోయిన భూమిని కాగితంతోనే తిరిగి తెచ్చుకోవాలనుకోవడం రైతుకు సహజం. అందుకే మొదట వెతుక్కున్నది వకీలును.

తెలంగాణలో తెలుగువాళ్ళ రాజకీయం వకీళ్ళ నోటితోనే మాటలు నేర్చింది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటర్‌లో కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయి ఎగతాళికి గురైన అల్లంపల్లి వెంకట రామారావు వకీలు. ఆ అవమానంలోంచి పుట్టిన ఆంధ్ర జనసంఘాన్ని నడిపిన మాడపాటి హనుమంతరావు వకీలు, కొండా వెంకట రంగారెడ్డి వకీలు. జనసంఘం చేసిన పనుల్లో ఎవరూ అంతగా పట్టించుకోనిదొకటి ఉంది. వెట్టిని నిషేధిస్తూ నిజాం సర్కారు ఇచ్చిన ఉత్తర్వులను ఏరి, కూర్చి, తెలుగులో చిన్న పుస్తకాలుగా అచ్చువేసి ఊళ్ళకు పంపడం. సర్కారు దగ్గర చట్టం ఉంది. దాన్ని ఉర్దూ ఫైళ్ళలో దాచిపెట్టింది. వకీలు దాన్ని బయటికి తీసి, ఇదిగో నీ హక్కు అని చూపించాడు. 1929లో గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు వచ్చి, ముందు అనుమతి లేకుండా సభ పెట్టడానికి వీల్లేకుండా పోయింది. ఆ ఆంక్షల కిందే 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి, మద్రాసులో చదివి వకాలత్ పట్టా తెచ్చుకుని, 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్నవాడు. మరుసటి ఏడు నల్లగొండ జిల్లా దేవరకొండలో రెండో సభ, అధ్యక్షుడు బూర్గుల. 1935లో సిరిసిల్లకు మాడపాటి, 1936లో పాలమూరు జిల్లా షాద్‌నగర్‌కు రంగారెడ్డి, 1937లో నిజామాబాదుకు మందుముల నర్సింగరావు. ఈ వరుసలో వకాలత్ వాసన లేని మనిషిని వెతకాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది చిన్నదేమీ కాదు. ఈ వకీళ్ళు ఎవరు? చాలామంది భూమి ఉన్న ఇళ్ళలో పుట్టినవాళ్ళు, పట్నంలో కాపురం ఉన్నవాళ్ళు. వాళ్ళ తీర్మానాల్లో గ్రంథాలయాలు, తెలుగు బడులు, బాల్య వివాహాలు, వర్తకుల ఇబ్బందులు కనిపిస్తాయి. కౌలుదారు చివర్లో, అదీ వినయంగా కనిపిస్తాడు. దొర బంధువే వకీలైన చోట దొర మీద దావా ఎవరు వేస్తారు? ఈ మాటలో నిజం ఉంది. కానీ ఆ నిజం నుంచి దళాలకూ వకీళ్ళకూ ఏ సంబంధమూ లేదన్న ముగింపుకు దూకడం కుదరదు. వెట్టి మీద పుస్తకం రాసినవాడు వెట్టి చేసినవాడు కాకపోవచ్చు. వెట్టి చట్టవిరుద్ధం అన్న మాట ఊళ్ళోకి చేరడానికి దారి మాత్రం అతనే వేశాడు. తర్వాత ఊళ్ళు సంఘం అని పిలిచిన ఆంధ్ర మహాసభ కార్యకర్త దొర గడి ముందు నిలబడి, ఇది సర్కారే కాదన్న పని, మేం చెయ్యం అని అనగలిగింది ఆ మాట చేతిలో ఉండబట్టే. నల్లగొండ జిల్లాలో తొలి తిరుగుబాట్లు రాజుకు ఎదురు తిరిగినవి కావు, రాజు ఉత్తర్వును దొర చేత అమలు చేయించబోయినవి. 1946 దాకా సంఘం అర్జీల్లో ఈ గొంతే వినిపిస్తుంది.

నా వాదనకు ఆయువుపట్టు షేక్ బందగీ కథ. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో కామారెడ్డిగూడెం అతని ఊరు. అన్నతో భూమి తగాదా. అన్న వెనక విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి. బందగీ చిన్న రైతు, పైగా ఆ ఊళ్ళలో దొర మాటే చట్టం. అయినా వెరవకుండా కోర్టుకెళ్ళాడు. ఏళ్ళ తరబడి తిరిగాడు, చివరికి గెలిచాడు. గెలిచాక, 1940ల మొదట్లో, దారికాచిన దొర మనుషులు అతన్ని నరికి చంపారు. ఇక్కడ కోర్టు తప్పు తీర్పు ఇవ్వలేదు. నిజాం న్యాయస్థానాలు అంత పనికిరానివేమీ కావు. 1921లోనే న్యాయశాఖను పరిపాలన నుంచి వేరు చేశామని ఆ సర్కారు గర్వంగా చెప్పుకునేది, ఆ గర్వంలో కొంత పసా ఉంది. తీర్పు రైతు పక్షాన వచ్చింది. కానీ తీర్పు కాగితం జనగామ నుంచి కామారెడ్డిగూడెం చేరేలోపు దాన్ని పట్టుకున్న చెయ్యి లేకుండా పోయింది. పోలీస్ పటేలు దొర మనిషి, మాలీ పటేలు దొర మనిషి, పట్వారీ దొర మనిషి. న్యాయం పట్నంలో దొరికేది, ఊళ్ళో చెల్లేది కాదు. బందగీ సమాధి దగ్గర హిందువులూ ముస్లిములూ కలిసి చేరడం అప్పటి నుంచీ ఆనవాయితీ అయింది. జనం దండం పెట్టుకుంటున్నది కోర్టులో గెలిచిన మనిషికి అన్న సంగతి పోరాట చరిత్రల్లో సరిగా పట్టుబడలేదు.

బందగీ ఒంటరిగా గెలిచి ఒంటరిగా చచ్చిపోయాడు. కొన్నేళ్ళకు అదే దేశముఖుకు ఎదురు నిలిచిన పాలకుర్తి చాకలి ఐలమ్మ ఒంటరి కాదు. మల్లంపల్లి మక్తేదారు దగ్గర కౌలుకు తీసుకున్న నాలుగెకరాలు ఆమె సేద్యం. సంఘంలో చేరిందన్న కోపంతో దొర ఆ పంట మీద కన్నేశాడు. సంఘం వాలంటీర్లు గుత్పలు పట్టుకుని పొలంలో దిగి, కోత కోసి, వడ్లు ఆమె ఇంటికి చేర్చారు. పంట తెచ్చుకున్న తర్వాత గొడవ కచేరీకి ఎక్కింది, అక్కడా ఆమెదే పైచేయి అయింది. ఆమె పక్షాన నిలబడిన వకీళ్ళలో కొండా లక్ష్మణ్ పేరు వినిపిస్తుంది. బందగీకీ ఐలమ్మకూ తేడా గుత్పల దగ్గర వచ్చింది. ఇద్దరికీ చట్టం అనుకూలమే. రెండో కేసులో చట్టం వెంట నడిచే మనుషులు ఉన్నారు. తెలంగాణ పోరాటంలో బలప్రయోగం మొదలైన క్షణం ఇదే అయితే, అది చట్టానికి ఎదురుగా కాక చట్టానికి పక్కన మొదలైంది.

1944లో భువనగిరిలో జరిగిన పదకొండో ఆంధ్ర మహాసభ ఈ మలుపుకు తేదీ వేసింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి, బొల్లేపల్లి భూస్వామి బిడ్డ, వకీలు కాడు. సభ్యత్వ రుసుము ఒక్క అణాకు దిగింది. అణా ఇచ్చి రసీదు పుచ్చుకున్న వాళ్ళతో ఊళ్ళు నిండాయి, మహాసభ చీటీల సంఘం అయింది. ఇన్నాళ్ళూ తన పేరున్న కాగితం ఒక్కటీ చూడని పాలేరుకు, చాకలికి, మాదిగ కూలీకి తన పేరు రాసిన చీటీ మొదటిసారి చేతికొచ్చింది. మితవాదులైన వకీళ్ళు ఆ సభకు దూరంగా ఉండి, తర్వాత తమ మహాసభ తాము పెట్టుకున్నారు. చీలిక నిజమే, కక్షలూ నిజమే. అయితే చీలింది ఎవరు నడపాలన్న దాని మీద, ఎంత దూరం పోవాలన్న దాని మీద. ఏం కావాలన్న దాని మీద కాదు. 1946 జులై 4న కడివెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయేనాటికి ఊరేగింపులో ఉన్నది కర్రలూ వడిసెలలే. తుపాకులు సర్కారు సంఘాన్ని నిషేధించాక వచ్చాయి. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చింది 1947 సెప్టెంబరు 11న, కొమరయ్య పోయిన పద్నాలుగు నెలలకు.

ఆయుధం చేతికొచ్చాక దళాలు ఏం చేశాయన్నది చూస్తే నా మాట ఇంకా గట్టిపడుతుంది. గడి మీద పడ్డ జనం వెతికింది బంగారం కంటే ముందు కాగితాలను. అప్పు పత్రాలు, నాగుల లెక్కలు, పట్వారీ దస్తరాలు నడివీధిలో తగలబెట్టారు. ఆ వెంటనే కొత్త లెక్కలు రాసుకున్నారు. గ్రామ కమిటీ కూర్చుని ఎవరి భూమి ఎవరు దున్నాలో తేల్చింది, గట్టు తగాదాలు తీర్చింది, మొగుడూ పెళ్ళాల పంచాయితీలు చూసింది. దొర దగ్గర ఎంత భూమి మిగలాలన్న పరిమితి మొదట ఐదువందల ఎకరాలు, తర్వాత తగ్గి తగ్గి చివరికి వంద ఎకరాల ఖుష్కి (మెట్ట), పది ఎకరాల తరి (మాగాణి) దాకా వచ్చింది. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని పార్టీ చెప్పుకుంది. కమతం పరిమితి అనే ఊహను ఈ దేశంలో ఏ శాసనసభా చట్టంగా చేయకముందే నల్లగొండ ఊళ్ళు దాన్ని అమలు చేసి చూశాయి. అరాచకం కోరుకున్నవాళ్ళు ఎకరాలు కొలిచి తరి వేరు, ఖుష్కి వేరు అని తేడా పెట్టరు.

దీనికి కమ్యూనిస్టు చరిత్రకారులు ఊరుకోరని తెలుసు. పోరాటం డిక్రీ అమలు కోసం కాదు, రాజ్యాధికారం కోసం అంటారు. 1948 కలకత్తా మహాసభ తర్వాత పార్టీ కేంద్ర నాయకత్వం పట్టిన పంథా అదే, దాన్ని కాదనలేం. కానీ పోరాటం మొత్తాన్నీ ఆ ఒక్క పంథాతో కొలవడం అన్యాయం. 1948 సెప్టెంబరులో భారత సైన్యం దిగి నిజాం లొంగిపోయాక, ఇక ఆయుధాలు దించాలని అన్నది మరెవరో కాదు, పిలుపునిచ్చినవారిలో ఒకరైన రావి నారాయణరెడ్డి. ఊళ్ళలో రైతుకు కావలసింది దొర పీడ పోవడం, దున్నే భూమి దక్కడం. దొర తుపాకీ వెనక ఉన్న రజాకారు పోయాక, కొత్త సర్కారు ఏం చేస్తుందో చూద్దామన్నది చాలామంది లోపలి మాట. 1948 తర్వాతి మూడేళ్ళకు నా వాదన అంతగా అతకదు, ఒప్పుకుంటాను. దళాలు కృష్ణ ఒడ్డున నల్లమలలోకి, గోదావరి అడవుల్లోకి జరిగిన ఆ కాలపు లెక్క వేరు. ఐతే పోరాటం ఊళ్ళలో వేళ్ళూనింది అంతకుముందు, ఆ వేళ్ళ స్వభావం గురించే నా మాట.

పాలమూరు సంగతి చెప్పకుండా దాటవేస్తే వాదన కుంటుతుంది. తీర్పు అమలు కాకపోవడమే బందూకుకు కారణమైతే, అంతే అన్యాయం ఉన్న పాలమూరులో నల్లగొండ లాంటి దళాలు ఎందుకు లేవలేదు? ఆ జిల్లాలో పెద్ద భాగం సంస్థానాలది: గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం కేంద్రంగా జటప్రోలు, గోపాలపేట. పెద్ద సంస్థానాలకు సొంత కచేరీలు, సొంత పోలీసులు ఉండేవి. అంటే తీర్పు చెప్పేవాడూ, అమలు చేసేవాడూ, భూమి యజమానీ ఒక్కరే. నల్లగొండ రైతుకు సర్కారు చట్టానికీ దొర పెత్తనానికీ మధ్య ఒక సందు కనిపించింది, ఆ సందులో సంఘం కాలు పెట్టింది. సంస్థానంలో ఆ సందే లేదు. వకీలు కావాలనుకున్న పాలమూరు కుర్రవాడు హైదరాబాదు, పుణె, మద్రాసు పోయి చదివి పట్నంలోనే వకాలత్ పెట్టాడు. అతని వాదనకు శ్రోత సర్కారే గానీ ఊరి దొర కాడు. పొట్ట చేతపట్టుకుని వలస పోయే దారి కూడా పాలమూరు కూలీకి అలవాటైందే, నిలబడి కొట్లాడేవాళ్ళ సంఖ్య అట్లా కొంత పలచబడింది. అయినా అప్పంపల్లిలో 1947 అక్టోబరులో నిజాం పోలీసుల కాల్పులకు జనం బలి కావడం చూస్తే, అక్కడి నిశ్శబ్దం గురించి రాసేవాళ్ళు కాస్త నెమ్మదించాలనిపిస్తుంది.

దళం వాళ్ళు చట్టాన్ని వదిలేశారనే వాళ్ళకు నేను చూపించే కేసు ఒకటుంది. సైనిక పాలన కింద పెట్టిన ప్రత్యేక ట్రిబ్యునల్ 1949 ఆగస్టులో నల్లగొండ జిల్లా రైతులు పన్నెండుమందికి ఉరిశిక్ష వేసింది. డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు ఖాయం చేసింది. ఇంకో ఆరు వారాలకు, 1950 జనవరి 26న, రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆ ఆరు వారాల తేడా మీద ఒక గొప్ప వాదన నడిచింది. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో నిలబడ్డాడు. విచారణలో ముద్దాయిలకు వకీలును పెట్టుకునే అవకాశమే సరిగా దొరకలేదన్నది ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి. అమెరికాలో నల్లజాతి కుర్రాళ్ళ మీద నడిచిన స్కాట్స్‌బరో కేసు తీర్పు ఢిల్లీలో నల్లగొండ రైతుల కోసం ప్రస్తావనకొచ్చింది. 1951 మార్చిలో జనార్దన్‌రెడ్డి వర్సెస్ హైదరాబాదు రాజ్యం కేసులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. వకీలు లేనంత మాత్రాన ట్రిబ్యునల్ అధికార పరిధి పోదంది. ఉరి మాత్రం తర్వాత యావజ్జీవంగా మారింది. ఇది ప్రాణం కాపాడుకునే ఎత్తుగడే తప్ప కోర్టు మీద నమ్మకం కాదని అనవచ్చు. కావచ్చు. కానీ ఆ ఎత్తుగడ వేయడానికి వాళ్ళు ఎంచుకున్న వాదన ఏమిటో చూడండి: మాకు వకీలును ఇవ్వలేదు.

మూడు పాత్రలకూ దగ్గరగా వచ్చిన ఒక్క మనిషిని చూపించమంటే కొండా లక్ష్మణ్ బాపూజీని చూపిస్తాను. ఆదిలాబాదు జిల్లా వాంకిడిలో 1915లో పద్మశాలి ఇంట పుట్టాడు, హైదరాబాదులో వకాలత్ చేశాడు, నిజాం సర్కారు కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళ తరఫున వాదించాడు. 1947 డిసెంబరు 4న నారాయణరావు పవార్ నిజాం కారు మీద బాంబు విసిరిన కుట్రలో ఇతనికీ చెయ్యి ఉందన్న ఆరోపణ వచ్చి అజ్ఞాతంలోకి వెళ్ళాడు. 1952లో ఆసిఫాబాదు నుంచి శాసనసభకు వచ్చాడు, ఆ తర్వాత నల్లగొండ జిల్లాకు మారి చిన్నకొండూరు నుంచీ భువనగిరి నుంచీ గెలిచాడు. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదిలేశాడు. కమ్యూనిస్టు కాదు, దళంలో నడిచినవాడూ కాదు. వకీలు కోటు విప్పి అజ్ఞాతంలోకి వెళ్ళి, తిరిగి వచ్చి చట్టం చేసే కుర్చీలో కూర్చోవడం అన్న దారి ఆ తరంలో ఒకరికైనా సాధ్యమైందనడానికి ఇతను సాక్ష్యం.

మిగతావాళ్ళు ఒకరొకరు ఒక్కో మెట్టు ఎక్కి 1952లో ఒకే భవనంలో కలుసుకున్నారు. నూట డెబ్బై ఐదు స్థానాల హైదరాబాదు శాసనసభలో కాంగ్రెసుకు 93, నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు పెట్టుకున్న పి.డి.ఎఫ్.కు 42. షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల ముఖ్యమంత్రి. వనపర్తి నుంచి గెలిచిన సురవరం వెనక వరుసలో ఉన్నాడు, మరుసటి ఏడే కన్నుమూశాడు. ఎదుటి బెంచీల్లో ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, సూర్యాపేట నుంచి ధర్మభిక్షం. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి వచ్చిన 3,09,162 ఓట్లు నెహ్రూకు వచ్చినవాటిని మించాయి. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం కాబట్టి పోలిక చెల్లదనేవాళ్ళున్నారు. నెహ్రూ పోటీ చేసిందీ ఇద్దరు సభ్యుల నియోజకవర్గంలోనే. ఏడాది కింద పోలీసులు వెతికిన మనుషులకు జనం చట్టం చేసే పని అప్పజెప్పారు. ఆ తర్వాత ఆ వరుసలోనే భీమ్‌రెడ్డి నర్సింహారెడ్డి మిర్యాలగూడ నుంచి మూడుసార్లు పార్లమెంటుకు, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు వెళ్ళారు.

ఆ సభ ముందున్న అసలు పని 1950 కౌలుదారీ చట్టం. జాగీర్లు 1949 ఆగస్టులో రద్దయ్యాయి. 1950 జూన్‌లో వచ్చిన ఈ చట్టం దున్నేవాడికి రక్షిత కౌలుదారు అన్న హోదా ఇచ్చింది. మొదట రెవెన్యూ మంత్రిగా, తర్వాత ముఖ్యమంత్రిగా దాన్ని నడిపే బాధ్యత బూర్గులది. దేశంలోనే మేలైన కౌలు చట్టాల్లో ఒకటని అప్పట్లో పేరు. దళాల భయం లేకపోతే ఆ చట్టం అంత తొందరగా వచ్చేది కాదని పోరాటం పక్షంవాళ్ళు అంటారు, వకీళ్ళ చెయ్యి లేకపోతే అంత పకడ్బందీగా ఉండేది కాదని ఇంకోపక్షం అంటుంది. నాకు రెండూ నిజమే. అమలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బందగీ కథే జరిగింది. హైదరాబాదు రాజ్యంలో భూసంస్కరణల ఫలితాలను ఊరూరా పరిశీలించి ఎ.ఎం. ఖుస్రో 1958లో అచ్చువేసిన అధ్యయనం లెక్క ఇది: 1951లో రక్షిత కౌలుదార్లయిన ప్రతి వందమందిలో, నాలుగేళ్ళు తిరక్కముందే ఆ హోదాలో మిగిలింది సుమారు 45 మంది. 12 మంది భూమి కొనుక్కోగలిగారు. చట్టప్రకారం తొలగించబడినవాళ్ళు ముగ్గురికి మించరు. చట్టానికి విరుద్ధంగా గెంటివేయబడినవాళ్ళు 22 మంది. ఇష్టపూర్వకంగా వదులుకున్నామని సంతకం పెట్టినవాళ్ళు ఇంకో 17 మంది. ఆ ఇష్టం ఎటువంటిదో 1954-55 ఖాస్రా పహాణీలో సాగుదారు గడి చూస్తే తెలుస్తుంది. ఆ చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద, మిగిలిన రక్షిత కౌలుదార్లకు భూమి మీద యాజమాన్యం ఇవ్వడానికి 1970ల దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సర్టిఫికెట్ల మీద దావాలు రెవెన్యూ కోర్టుల్లోనూ హైకోర్టులోనూ ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచాయి, కౌలుదారు మనవళ్ళ తరఫున ఒక వకీలు, పట్టాదారు మనవళ్ళ తరఫున ఇంకో వకీలు.